మిడతల దండు మన దాకా వస్తుందా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాయిస్ మెసేజుల్లో సగానికి పైగా మిడతల గురించే. ఆకాశం నిండా మిడతలు ఎగురుతున్న వీడియో ఒకటి "మన జిల్లా బార్డర్ దాటినయి, అందరికీ పంపండి" అన్న మాటతో ఫోన్లలో తిరుగుతోంది. అందులో ఇసుక దిబ్బలున్నాయి, ఒంటెలున్నాయి, అది మన నేల కాదని కాస్త నిదానంగా చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కానీ విత్తనం వేసి వాన కోసం చూస్తున్న రైతుకు నిదానం ఎక్కడిది, భయం సహజం. అందుకే ఈ నెల కాలమ్ మొత్తం ఈ ఒక్క విషయానికే. మిగతా ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఆగాలని మనవి.

ప్రశ్న: అన్నా, మా చేను పక్క బీడులో జిల్లేడు చెట్ల నిండా పసుపు, నీలం చారల మిడతలు పట్టినయి. కొన్ని చెట్లకు ఆకే మిగలలేదు. ఊళ్లో అందరూ దండు ఇదే అంటున్నరు. పక్క చేనోళ్లు అప్పుడే మోనో (మోనోక్రోటోఫాస్ పురుగుల మందు) కొట్టిన్రు. నేను కూడా కొట్టాల్నా?
– పత్తి రైతు, దేవరకొండ

జవాబు: కొట్టొద్దన్నా. అది దండు మిడత కాదు, జిల్లేడు మిడత. మన దగ్గర ఎప్పుడూ ఉండేదే, వీడియో చూసిన కళ్లతో చూస్తున్నాం కాబట్టి ఈ ఏడు కొత్తగా కనబడుతోంది. 2020 మే నెలలో కూడా ఇదే జరిగింది. అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు మొక్కల మీద గుంపుగా వాలిన మిడతల ఫొటోలు చూసి రెండు రాష్ట్రాల్లో గగ్గోలు పుట్టింది, వ్యవసాయ అధికారులు చూసి ఇవి ఎడారి మిడతలు కావని తేల్చారు.

తేడా పట్టడం కష్టం కాదు. జిల్లేడు మిడత బద్ధకంగా ఉంటుంది, దగ్గరికి పోయినా వెంటనే ఎగరదు. పట్టుకుంటే కంపు కొట్టే ద్రవం చిమ్ముతుంది, జిల్లేడు పాలలోని విషాన్ని అది ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పక్షులు కూడా దాని జోలికి పెద్దగా పోవు. పిల్ల మిడతల ఒంటి మీద నల్ల గీతలు, ఎర్ర చుక్కలు ఉంటాయి. దండుగా వచ్చే ఎడారి మిడతకు ఈ నీలం చారలు ఉండవు. వయసులో ఉన్నప్పుడు గులాబీ రంగులో, గుడ్లు పెట్టే ఈడు వచ్చాక పసుపు రంగులో ఉంటుంది, రెక్కల మీద గోధుమ రంగు మచ్చలుంటాయి, పగటి పూట గాలివాటున వేలకు వేలు కలిసి ఎగురుతుంది. అన్నిటికన్నా సులువైన గుర్తు తిండి. ఎడారి మిడతకు ఈ చెట్టు, ఆ చెట్టు అన్న పట్టింపు చాలా తక్కువ. మీ బీడులోవి జిల్లేడును బోడి చేసి పక్కనే ఉన్న మీ పత్తిని ముట్టకుండా ఉన్నాయంటే అదేమిటో అదే చెబుతోంది. తిండి చాలక ఒకటీ అరా చేను అంచుకు వస్తే పొద్దున్నే, అవి చలికి మందంగా ఉన్నప్పుడు, సబ్బు నీళ్ల బకెట్లోకి దులిపేయండి, చాలు.

మోనో సంగతి. పైరుకు రాని పురుగు కోసం అంత విషం చల్లితే చచ్చేవి ముందు సాలీళ్లు, అక్షింతల పురుగులు. మీ పత్తి మీద పేనుబంకను తినేవి అవే. అవి పోయాక పేనుబంకకు మళ్లీ మందు కొనాలి.

ప్రశ్న: 2020లో మహారాష్ట్ర దాకా వచ్చిన దండు మన దాకా ఎందుకు రాలేదు? ఇక ముందు వస్తుందా? అటూ ఇటూ కాకుండా సూటిగా చెప్పండి సార్.
– డిగ్రీ చేసి వ్యవసాయం చేస్తున్న యువకుడు, నారాయణపేట

జవాబు: సూటిగానే చెబుతాను తమ్ముడూ. ఎడారి మిడతల దండు పాలమూరు, నల్గొండ దాకా వచ్చే అవకాశం చాలా తక్కువ. అసలే రాదని మాత్రం ఎవరూ రాసివ్వలేరు. ఎందుకంటే 2020లో మనం చూసింది 2020లో మొదలైంది కాదు, మన దేశంలో మొదలైందీ కాదు.

2018 మే నెలలో మెకును, అక్టోబరులో లుబాన్ అనే రెండు తుపాన్లు అరేబియా సముద్రంలో పుట్టి ఒమన్, యెమెన్ తీరాల మీద పడ్డాయి. అక్కడ రబ్ అల్ ఖాలీ అనే మహా ఎడారి ఉంది, మనిషి జాడ దాదాపు లేని ఇసుక. ఎన్నడూ లేనంత వాన పడి ఆ ఇసుక తడిసింది, పచ్చిక మొలిచింది. ఎడారి మిడత గుడ్లు పెట్టేది తడి ఇసుకలోనే, 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున. ఒక్కో తరానికి సుమారు మూడు నెలలు, తరానికి 20 రెట్ల చొప్పున పెరుగుతాయని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క. అంటే ఆరు నెలలకు 400 రెట్లు, తొమ్మిది నెలలకు 8,000 రెట్లు. అక్కడ మూడు తరాలు పెరిగాయి, చూసినవాళ్లు లేరు, మందు కొట్టినవాళ్లు లేరు. తర్వాత అవి చేరిన యెమెన్‌లో అప్పుడు యుద్ధం నడుస్తోంది, అక్కడ మిడతల సర్వేకు తిరిగే పరిస్థితే లేదు. అక్కడినుంచి ఒక దారి ఎర్ర సముద్రం దాటి ఇథియోపియా, సోమాలియా, కెన్యాలకు, ఇంకో దారి ఇరాన్, పాకిస్తాన్ మీదుగా రాజస్థాన్‌కు. కెన్యా 70 ఏళ్లలో అంత దండును చూడలేదు.

2020 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోకి దిగిన దండుకు ఆ ఎండల్లో తినడానికి పచ్చదనం దొరకలేదు. పైగా పడమటి గాలి బలంగా ఉంది. ఎడారి మిడత తన ఇష్టం వచ్చిన దిక్కుకు పోయేది కాదు, గంటకు 16 నుంచి 19 కిలోమీటర్ల వేగంతో గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఆ గాలితోనే మే నెలలో జైపూర్ మీదికి, మధ్యప్రదేశ్‌కు, ఉత్తరప్రదేశ్‌కు, ఇటు విదర్భలో అమరావతి, వార్ధా, నాగపూర్ దాకా వచ్చాయి. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా మే చివర్లో ఉత్తరాన ఉన్న సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేసి, నిపుణుల కమిటీ వేసింది. ఆ భయం ఉత్తదేమీ కాదు. నాగపూర్ నుంచి హైదరాబాద్‌కు రోడ్డు మీద 500 కిలోమీటర్లే, దండు ఒక్క రోజులో 130 కిలోమీటర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పోగలదు.

రాకపోవడానికి కారణం గాలి. జూన్ వచ్చేసరికి మనకు నైరుతి గాలి పట్టుకుంటుంది, మన వానలు తెచ్చేదే. ఉత్తరం నుంచి కిందికి దిగే దండుకు అది ఎదురుగాలి. వాన పడ్డాక ఈ మిడతలకు కావలసింది గుడ్లు పెట్టే తడి ఇసుక, అది ఉన్నది థార్ ఎడారిలో. అందుకే వానాకాలంలో దండులు మళ్లీ రాజస్థాన్ వైపు మళ్లుతాయి. మన చెలక నేలలూ, రేగళ్లూ వాటి పుట్టిల్లు కాదు.

ఇక ముందు మాటంటావా, అరేబియా సముద్రం వేడెక్కుతోంది, అక్కడ పెద్ద తుపాన్లు పెరుగుతున్నాయని వాతావరణ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. 2018 లాంటి ఏడు మళ్లీ రాదనుకోవడానికి లేదు. ఈ పురుగును గెలవాల్సింది మన చేలో కాదు. అది రెక్కలు రాని పిల్లగా ఇసుకలో గెంతుతున్నప్పుడు, అక్కడే, ఎవరో ఒకరు చూసి ఆపాలి. మన దేశంలో ఆ పని చేసేది జోధ్‌పూర్‌లోని మిడతల హెచ్చరిక సంస్థ. రాజస్థాన్, గుజరాత్‌లలో సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల ఎడారి దాని కనుసన్నల్లో ఉంటుంది. వాళ్ల బులెటిన్ చదివి మాట్లాడేవాళ్ల మాట నమ్మండి, వాట్సాప్‌లో వచ్చే మిడతంభొట్ల జోస్యాలు వద్దు.

ప్రశ్న: మామూలు మిడత దండు మిడతగా ఎలా మారుతుంది? అది వేరే జాతా? ఒక దండు ఎంత తింటుంది?
– ఇంటర్ బైపీసీ విద్యార్థిని, వనపర్తి

జవాబు: చాలా మంచి ప్రశ్న తల్లీ, ఇది పెద్ద పెద్దవాళ్లకే చాలాకాలం అంతుపట్టలేదు. ఒంటరిగా తిరిగే మిడతనూ దండుగా వచ్చే మిడతనూ రెండు వేరు జాతులనుకున్నారు. 1921లో బోరిస్ ఉవరోవ్ అనే శాస్త్రవేత్త ఒకే జాతి మిడత రెండు రూపాల్లో బతుకుతుందని చూపించాడు. తిండి బాగా ఉండి చోటు ఎక్కువగా ఉంటే ఎడారి మిడత ఒంటరిది, మరో మిడత కనిపిస్తే పక్కకు తప్పుకుంటుంది. వానకు విపరీతంగా పెరిగి, తర్వాత పచ్చిక ఎండిపోయి మిగిలిన కాస్త గడ్డి మీద అన్నీ కిక్కిరిసినప్పుడు ఒకదాని వెనక కాళ్లకు మరొకటి తగులుతూ ఉంటుంది. ఆ తాకిడికి దాని నాడీ వ్యవస్థలో సెరటోనిన్ పెరుగుతుంది, రెండు మూడు గంటల్లోనే దాని బుద్ధి మారిపోతుంది, తప్పుకునేది కాస్తా గుంపును వెతుక్కుంటుంది. 2009లో ఈ సంగతి తేలింది. మన మెదడులో మనసు బాగుండడానికి పనిచేసే సెరటోనిన్ కూడా అదే పదార్థం. తర్వాత కుబుసం విడిచిన కొద్దీ రంగు, ఒంటి తీరు కూడా మారతాయి.

తిండి లెక్క. పెద్ద మిడత రోజుకు తన బరువంత, అంటే సుమారు 2 గ్రాములు తింటుంది. చదరపు కిలోమీటరు దండులో 4 నుంచి 8 కోట్ల మిడతలుంటాయి, అవి ఒక్క రోజులో 35,000 మంది తినేంత తింటాయని అంటారు. మన లెక్కలోకి మార్చి చూడు: చదరపు కిలోమీటరంటే 247 ఎకరాలు, కాబట్టి ఎకరం మీద లక్షా 60 వేల నుంచి 3 లక్షల 20 వేల మిడతలు, రోజుకు ఎకరానికి 3 నుంచి 6 క్వింటాళ్ల పచ్చి ఆకు. అందుకే దండు వాలిన చేలో సాయంత్రానికి ఈనెలే మిగులుతాయి.

ప్రశ్న: పళ్లాలు కొడితే, డప్పులు కొడితే, డీజే పెడితే పోతాయంటున్నారు. నిజమేనా?
– కోస్గి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇంకా ఆకాశంలో ఉన్న దండును మీ చేలో దిగకుండా చేయడానికి చప్పుడు, పొగ కొంత పనికొస్తాయి. జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను అదిలించిన ఊళ్లు మనవి, ఆ పద్ధతి కొత్త కాదు. కానీ అదిలిస్తే దండు చావదు, పక్క రైతు చేలో దిగుతుంది. ఒకసారి వాలి తినడం మొదలుపెట్టాక డప్పులకు పెద్దగా కదలదు కూడా. చీకటి పడ్డాక చెట్ల మీద, పొదల మీద ఆగిపోతాయి, ఎండ ఎక్కి ఒళ్లు వేడెక్కేదాకా ఎగరలేవు. మందు కొట్టే బృందాలు పనిచేసేది ఆ రాత్రీ, తెల్లవారుజామునే. 2020లో రాజస్థాన్‌లో ఎత్తైన చెట్ల మీదికి మందు అందించడానికి డ్రోన్లు కూడా వాడారు. కాబట్టి రైతు చేయగలిగిన పెద్ద సాయం, సాయంత్రం దండు ఏ చోట వాలిందో గుర్తుపెట్టుకొని అదే రాత్రి అధికారులకు చెప్పడం.

ప్రశ్న: మిడతలు వేపను తినవంటారు మా నాన్న. వేప కషాయం కొడితే సరిపోతుందా?
– మహిళా రైతు, కల్వకుర్తి

జవాబు: మీ నాన్నగారు చెప్పిన మాట వెనక గొప్ప చరిత్ర ఉందమ్మా, చెబుతాను. 1959లో సూడాన్‌లో దండు పడి కనబడిన ప్రతి పచ్చని చెట్టునూ తినేస్తే వేపచెట్లు మాత్రం ఆకులతో నిలబడ్డాయి. అప్పుడక్కడున్న జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిష్ ష్ముటెరర్ అది చూసి ఇక జీవితమంతా వేప మీదే పనిచేశాడు. 1962లో మన ఢిల్లీలో దండు దిగినప్పుడు భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన డాక్టర్ ప్రధాన్ బృందం వేప గింజల పొడి కలిపిన నీళ్లు పైరు మీద చల్లింది. మిడతలు ఆ పైరు మీద వాలాయి కానీ తినలేదు. తర్వాత 1968లో వేప గింజ నుంచి అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని విడదీశారు, దాన్ని పట్టుకోవడానికి వాళ్లు వాడుకున్నది కూడా మిడతలనే. ఏ భాగం పూస్తే మిడత తినడం మానేస్తుందో చూస్తూ పోయారు. ఇప్పుడు షాపుల్లో దొరికే వేప మందు డబ్బాల మీద పీపీఎం అని రాసి ఉండేది దాని మోతాదే.

కషాయానికి 5 కిలోల వేప గింజల పప్పును పొడి చేసి, పలచటి గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, బాగా పిండి, వడగట్టి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేసి సాయంత్రం పూట కొట్టాలి. ఎండలో కొడితే గుణం తొందరగా పోతుంది. గింజలు ఈ కాలంలోనే రాలతాయి, ఏరి నీడలో ఆరబెట్టి దాచుకోండి. (2021 నుంచి మన వేపచెట్లకు కొమ్మలు ఎండే తెగులు పట్టి చాలా చోట్ల కాత తగ్గింది, చెట్టు మోడైందని నరికెయ్యకండి, చాలా చెట్లు మళ్లీ చిగురిస్తున్నాయి.)

అయితే వేప తిననివ్వదు అంతే, వాలిన దండును అక్కడికక్కడ చంపదు. కోట్ల మిడతలు ఆకలితో దిగితే కషాయం ఒక్కటే కాపాడుతుందని నేను చెప్పను. వరిలో, కూరగాయల్లో మామూలుగా వచ్చే మిడతలకైతే చక్కగా పనికొస్తుంది.

ప్రశ్న: మేడమ్, మిడతలు వస్తాయేమోనని మా ఆయన రెండు రకాల మందులు తెచ్చి ఇంట్లో పెట్టిండు. చిన్న పిల్లలున్నరు. మిడతలు మనుషులను కరుస్తయా, రోగాలు తెస్తయా? నాకు మిడతల కన్నా ఆ మందు డబ్బాలంటేనే భయమైతుంది.
– గృహిణి, హాలియా

జవాబు: మీ భయమే సరైనది చెల్లే. మిడతలు కరవవు, కుట్టవు, వాటివల్ల మనుషులకు అంటురోగాలు రావు. కోట్లలో వచ్చినప్పుడు కొందరికి ఎలర్జీ, ఆయాసం రావచ్చు, దారి కనబడక బండి నడపడం కష్టమవుతుంది, విమానాలకు కూడా ప్రమాదమే. మందు మాత్రం ప్రాణం తీస్తుంది. ఎడారిలో వాడే మందు, దాన్ని చల్లే యంత్రం వేరు. మలాథియాన్ 96 శాతం మందును నీళ్లు కలపకుండా పొగమంచులా సన్నగా చల్లుతారు, అది శిక్షణ ఉన్నవాళ్ల పని. మన తైవాన్ పంపుతో, షాపులో దొరికిన మందుతో ఎగిరే దండును ఆపడం జరిగే పని కాదు. కాబట్టి ఆ డబ్బాలు ఇంట్లో ఉండి లాభం లేదు. సీలు తీయకపోతే షాపులో వాపస్ ఇవ్వమనండి. తీసి ఉంటే తాళం వేసిన పెట్టెలో, పిల్లలకు అందకుండా, తిండి గింజలకు దూరంగా పెట్టాలి. తాగే నీళ్ల సీసాలో మందు పోసి పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది, దయచేసి అది మానాలి, ఎన్నో ప్రాణాలు అలాగే పోతున్నాయి.

వేరే పురుగుకైనా ఆయన మందు కొట్టే రోజున కొన్ని చూడండి. గాలికి ఎదురుగా నడవొద్దు, మిట్టమధ్యాహ్నం వద్దు, మూతికి మాస్క్, చేతికి గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, నడుమ బీడీ కాల్చడం గానీ తినడం గానీ వద్దు. రెండు మందులు కలిపి కొట్టొద్దు. కొట్టి వచ్చాక తల తిరగడం, చూపు మసకబారడం, విపరీతంగా చెమట, నోట్లోంచి చొంగ, వాంతులు, ఇందులో ఏది కనబడినా "ఎండ దెబ్బలే" అనుకొని పడుకోబెట్టకుండా బట్టలు మార్చి, ఒళ్లు సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా వెంట తీసుకుపోండి, ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన విరుగుడు ఇవ్వగలరు.

ప్రశ్న: గొర్లు కాసుకునేటోన్ని. దండు పడితే చేన్లు పోతయంటున్నరు, మేత సంగతి ఎవరూ చెప్తలేరు. దండు పోయినంక మా అసోంటోళ్ల గతేంది?
– గొర్ల కాపరి, మక్తల్

జవాబు: అన్నా, వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీదే. పత్రికల్లో ఎప్పుడూ పైరు నష్టమే రాస్తారు, మేత నష్టం రాయరు. 2020లో ఇథియోపియా, సోమాలియా, ఉత్తర కెన్యాలలో అందరికన్నా ముందు దెబ్బతిన్నది మందలు మేపుకునేవాళ్లే. మిడత గడ్డి తినేస్తుంది, చెట్ల ఆకు తినేస్తుంది. మేత లేక మంద చిక్కిపోతుంది, పాలు తగ్గుతాయి, అందరూ ఒకేసారి అమ్ముకోవడానికి సంతకు పోతే ధర పడిపోతుంది, అదే సమయంలో గింజల ధర పెరుగుతుంది. అమ్మింది తక్కువకు, కొన్నది ఎక్కువకు, రెండు వైపులా దెబ్బ. ఆ తర్వాత వలస. వలస అంటే ఏంటో పాలమూరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దెబ్బ ఆ ఒక్క ఏడుతో పోదు కూడా. ఆఫ్రికాలోని మాలి దేశంలో 1987–89 మధ్య దండు పడింది. ఆ కాలంలో దండు పడిన చోట్ల పుట్టి పెరిగిన పిల్లల చదువు వెనకబడిందని తర్వాత ఆర్థికవేత్తలు లెక్కతీశారు. పంట పోయిన ఇంట్లో ముందు ఆగేది బడి ఫీజే కదా.

మీరు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి. మిడతలకైనా, మరో పురుగుకైనా, మందు కొట్టిన గడ్డి మీదికి మందను తోలొద్దు. ఎన్ని రోజులు ఆగాలో మందు డబ్బా మీద రాసి ఉంటుంది, చదివించుకోండి. చేను రైతు కూడా మందు కొడితే కాపరికి ముందుగా చెప్పాలి. ఒక్క మాటతో మంద మిగులుతుంది.

ప్రశ్న: మిడతలను కోళ్లకు వేయొచ్చా? చైనా లక్ష బాతులను పంపిందని చదివాను.
– కోళ్ల ఫారం యజమాని, షాద్‌నగర్

జవాబు: బాతులు పోలేదండి. 2020 ఫిబ్రవరిలో చైనా నుంచి పాకిస్తాన్‌కు లక్ష బాతులు పోతున్నాయని వార్త వచ్చింది, బాతుకు నీళ్లు కావాలి, ఎడారి వేడిలో బతకదని చైనా నిపుణుడే చెప్పాడు. కోళ్ల మాట నిజం. పాకిస్తాన్ పంజాబ్‌లోని ఒకారా జిల్లాలో రాత్రిళ్లు చెట్ల మీద ఆగిన మిడతలను ఊరివాళ్లు పట్టి కిలో 20 పాకిస్తానీ రూపాయలకు అమ్మారు, వాటిని కోళ్ల దాణాలో కలిపారు. అక్కడ మందు కొట్టకుండా చూసుకొని పట్టారు, అది ముఖ్యం. మందు పడిన మిడత కోడికీ విషమే, ఆ కోడిని తిన్న మనిషికీ మంచిది కాదు.

ప్రశ్న: ఒకవేళ దండు వచ్చి బత్తాయి తోట పోతే పరిహారం ఉంటుందా? ముందు ఎవరికి చెప్పాలి?
– బత్తాయి రైతు, కనగల్

జవాబు: కేంద్ర ప్రభుత్వం గుర్తించిన ప్రకృతి విపత్తుల జాబితాలో పురుగుల దాడి ఉంది, తుపాను, కరువు, వడగండ్లతో పాటే. నష్టం 33 శాతం, ఆపైన ఉంటే విపత్తు సహాయ నిధి నుంచి ఇన్‌పుట్ సబ్సిడీ రావాలి. 2022–26 నిబంధనల్లో హెక్టారుకు మెట్ట పైరుకు రూ.8,500, నీటి వసతి ఉన్న పైరుకు రూ.17,000, తోటలకు రూ.22,500, అదీ రెండు హెక్టార్ల వరకే. ఏళ్లతరబడి పెంచిన బత్తాయి చెట్టుకు ఇది ఏ మూలకూ చాలదు, తోటల రైతులంతా ఈ మొత్తం పెంచమని గట్టిగా అడగాల్సిందే అని నా అభిప్రాయం. పాసు పుస్తకం, తేదీ పడేలా తీసిన ఫొటోలు, మండల వ్యవసాయ అధికారికో, తోటలకైతే ఉద్యాన అధికారికో ఇచ్చిన దరఖాస్తు కాపీ, ఇవి దగ్గర పెట్టుకోండి.

అనుమానం వస్తే మొదట మీ రైతు వేదికలో ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చెప్పండి, ఒక మిడతను మూత ఉన్న డబ్బాలో వేసి చూపించండి. నల్గొండ వైపు వాళ్లకు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం, పాలమూరు వైపు వాళ్లకు పాలెం, మదనాపురం కేంద్రాలు ఉన్నాయి. ఫోన్ చేయాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా నాయనమ్మ తన చిన్నప్పుడు మిడతలు పడి జొన్నలు పోయినయని చెప్పేది. అది అబద్ధమా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, అచ్చంపేట

జవాబు: అబద్ధం అనడానికి లేదు మాస్టారూ. ఎడారి మిడత కాకుండా బొంబాయి మిడత అని ఇంకొకటి ఉంది, అది పశ్చిమ కనుమల అడవుల్లో పెరిగి దక్కన్ వైపు వచ్చేది. 1901 నుంచి 1908 దాకా దాని దండులు పెద్ద ఎత్తున లేచాయి. ఇంట్లో పెద్దవాళ్ల నోట అలాంటి మాటలు ఎవరికి గుర్తున్నా రాసి పంపండి, మన జిల్లాల పాత పంటల చరిత్ర రాసి పెట్టినవాళ్లు తక్కువ.

ప్రశ్న: మిడతలు రావంటున్నారు సరే. నాకు ప్రతి ఏడూ ఆముదం, పల్లి చేన్లకు వచ్చే బొంత పురుగు మిడతల కన్నా తక్కువేం కాదు. ఒక చేను తిని ఇంకో చేనుకు గుంపుగా నడిచిపోతది. దానికేం చేయాలి?
– రైతు, నాగర్‌కర్నూల్

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. పాలమూరు ఎర్ర చెలకల్లో అసలు దండు ఇదే, ఎర్ర గొంగళి పురుగు. దీని గురించి వీడియోలు రావు, రైతును ముంచేది మాత్రం ఇదే.

దాని బతుకు తెలిస్తే పట్టు దొరుకుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అది గట్ల కింద, చెట్ల నీడన మట్టిలో కోశంగా పడి ఉంటుంది. తొలకరి గట్టిగా పడిన రెండు నాలుగు రోజులకు రెక్కల పురుగులుగా బయటికి వస్తుంది. ఆకు అడుగున వందల గుడ్లు ఒకేచోట కుప్పగా పెడుతుంది, పొదిగిన పిల్లలు కొన్నాళ్లు ఆ ఆకు మీదే గుంపుగా గీకి తింటాయి, ఒళ్లంతా బొచ్చు పెరిగాక నడక మొదలుపెడతాయి. నడక మొదలైన తర్వాత మందుకు సరిగా లొంగవు. అందుకని మొదటి పెద్ద వాన పడిన సాయంత్రం నుంచి వరుసగా కొన్ని రాత్రులు, పొద్దుగూకిన దగ్గర్నుంచి పది పదకొండు దాకా, ఊరి పొలాల్లో అక్కడక్కడా మంటలు వేయాలి, లేదా దీపపు ఎరలు పెట్టాలి. రెక్కల పురుగులు వెలుతురుకు వచ్చి పడతాయి. ఒక్కరు చేస్తే లాభం లేదు, మీ మంట దగ్గరికి ఊరి పురుగంతా వస్తుంది, అందుకే పంచాయతీలో కూర్చొని అందరూ ఒకే రాత్రి అనుకోండి. తర్వాత వారం చేలో తిరిగి గుడ్ల కుప్పలున్న ఆకులు, జల్లెడలా గీకిన ఆకులు తెంపి నాశనం చేయండి, ఇది పిల్లలతో చేయించొద్దు, బొచ్చు తగిలితే ఒళ్లు దురద. పక్క చేను నుంచి నడక మొదలైతే మధ్యలో అడుగు లోతున, అంచులు నిటారుగా ఉండేలా కందకం తీసి, అందులో పడ్డవాటిని మట్టితో పూడ్చేయాలి. వచ్చే ఏడుకైతే వేసవి దుక్కి లోతుగా దున్నండి, గట్ల పక్కన కూడా, పైకి వచ్చిన కోశాలను కొంగలు, కాకులు ఏరుకుంటాయి.

ఈ ఏడు మీ దగ్గర పెద్ద వాన ఇంకా పడకపోతే మీకు టైమ్ ఉంది. కట్టెలు ఇప్పుడే పోగు చేసి, తడవకుండా కప్పి పెట్టుకోండి.